పశువుల పాక కాలిపోతే ఏం చేయాలి: మొదటి పది నిమిషాల నుంచి కొత్త కప్పు పడేదాకా

వేసవి వచ్చిందంటే పాకలు, గడ్డివాములు కాలిపోయిన వార్తలు జిల్లా పేజీలో తరచూ కనిపిస్తాయి. నాలుగు లైన్ల వార్త. రెండు గేదెలు, ఒక దూడ మృతి, లక్షల్లో నష్టం, ప్రభుత్వం ఆదుకోవాలని బాధితుల వేడుకోలు. అంతే. ఆ ఇంటివాళ్లు మర్నాడు పొద్దున లేచి ఏం చేయాలో అందులో ఉండదు. ఇది వాళ్ల కోసం, వాళ్ల పక్కింటివాళ్ల కోసం రాస్తున్నది.

పాక కాలిన రోజు ఊరు ఊరంతా వస్తుంది. ఆ మంచితనం మన ఊళ్లలో ఇంకా పోలేదు. వారం తిరిగేసరికి ఎవరి పనుల్లో వాళ్లు పడతారు, అందులో తప్పు పట్టాల్సిందీ లేదు. కానీ కాలిన పొదుగు మానడానికి వారాలు పడుతుంది, పరిహారం ఫైలు కదలడానికి నెలలు పడుతుంది. అందుకే నేను చెప్పేవాటిలో ముఖ్యమైనవి రెండు: చచ్చిన పశువును పాతిపెట్టకముందే కాగితాలు చేయించుకోవడం, మొదటి రోజు వెల్లువలా వచ్చే సాయాన్ని రెండు మూడు నెలలకు సర్దుకోవడం. మిగతావన్నీ వీటి చుట్టూ తిరిగేవే.

మంట లేచిన పది నిమిషాలు

ముందు కరెంటు సంగతి చూడండి. మీటరు దగ్గర మెయిన్ ఆపేయండి. తీగలు తెగి కింద పడి ఉంటే లైన్‌మన్‌కు ఫోన్ చేసి ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరే సరఫరా ఆపించండి. ఆయన దొరక్కపోతే 1912. కరెంటు పోయిందని ఖాయంగా తెలిసేదాకా బకెట్లతో నీళ్లు చల్లొద్దు. ఈలోపు ఇంకొకరు 101కి గానీ 112కి గానీ చేయాలి. ఫైరింజన్ వాళ్లకు ఊరి పేరు ఒక్కటే చెబితే చాలదు. ఏ రోడ్డున రావాలో, నీళ్లు నింపుకోవడానికి చెరువో బోరో ఎక్కడుందో చెప్పండి. ఒక కుర్రాడిని బండేసి మెయిన్ రోడ్డు మీదికి పంపితే వాళ్లు సందుల్లో తిరిగే బాధ తప్పుతుంది.

తాటాకు కప్పు అయినా, గడ్డి కప్పు అయినా మీ చేతిలో ఉన్నది కొన్ని నిమిషాలే. పైనుంచి నిప్పులు రాలడం మొదలయ్యాక లోపలికి వెళ్లొద్దు. గేదెల మీద ఎంత ప్రాణం పెట్టుకున్నా సరే, ఆ మాట వినని మనిషిని నలుగురు కలిసి పట్టుకుని ఆపాల్సిందే.

ఇంకా వెళ్లగలిగే స్థితిలో ఉంటే ముడి విప్పుతూ కూర్చోకండి. బెదిరిన పశువు లాగి లాగి బిగించిన ముడి రాదు. కొడవలితో పలుపు కోసేయండి. గుమ్మానికి దగ్గరగా ఉన్నదాన్ని ముందు వదలండి, అది కదిలితే మిగతావి దాని వెంట కదులుతాయి. కొత్తవాళ్లు అదిలిస్తే మొరాయించే గేదె రోజూ పాలు తీసే మనిషి పిలిస్తే వస్తుంది. కాబట్టి ఆ మనిషి లోపల పరుగులు పెట్టడం కన్నా బయట నిలబడి పిలవడమే మేలు. బయటికొచ్చిన పశువును వదిలేయొద్దు. దానికి భయమేస్తే పరుగెత్తేది తనకు తెలిసిన చోటికే, అంటే మండుతున్న పాకలోకే. పొగ రాని వైపు, దూరంగా, చెట్టుకు కట్టేయండి.

గొర్రెల దొడ్డి అయితే పద్ధతి వేరు. అవి ఒక మూలకు చేరి ఒకదాని మీద ఒకటి పడి ఊపిరాడక పోతాయి. గేటు దగ్గరికి తోలే ప్రయత్నంలో సమయం పోనీయకుండా, అవి చేరిన మూలనే కంచె కోసి దారి చేయండి. పొట్టేలు బయటపడితే మంద కదులుతుంది.

పాకలోనే పురుగుమందు డబ్బాలు పెట్టుకునే అలవాటు చాలా ఇళ్లలో ఉంది. అవి అంటుకుంటే వచ్చే పొగ విషం. ఆ సంగతి ఫైరింజన్ వాళ్లకు ముందే చెప్పండి, పిల్లల్ని గాలికి ఎదురు వైపు తీసుకెళ్లండి.

గడ్డివామి పూర్తిగా అంటుకుంటే దాన్ని కాపాడాలని చూడకండి. ఉన్న నీళ్లు పక్క వాముల మీద, గాలి వీచే వైపున్న ఇళ్ల కప్పుల మీద చల్లండి. మందు కొట్టే పవర్ స్ప్రేయర్లు, నీళ్ల ట్యాంకర్లు ఇక్కడ బాగా అక్కరకొస్తాయి. ఫైరింజన్ వెళ్లిపోయాక కూడా వామి లోపల రెండు మూడు రోజులు రాజుకుంటూనే ఉంటుంది. జేసీబీతో పీకించి, పల్చగా పరిచి తడపండి. పైన చల్లారినట్టు కనబడే వామి ఎక్కి తొక్కొద్దు. లోపల కాలి డొల్ల అయి ఉంటుంది, మనిషి నడుందాకా నిప్పుల్లోకి దిగబడతాడు.

తెల్లారేలోపు: పశువుల ఒంటి మీద ఏం చూడాలి

1962కి ఫోన్ చేయండి. రెండు రాష్ట్రాల్లోనూ సంచార పశువైద్య వాహనాల నంబరు అదే. రాత్రి పూట అయితే మీ మండలం పశువైద్యుడి నంబరు, ఊళ్లో పశువులకు సూదులు వేసే గోపాలమిత్ర నంబరు, ఆంధ్రాలో అయితే రైతు సేవా కేంద్రంలోని పశుసంవర్ధక సహాయకుల నంబరు ముందే మీ ఫోన్లో ఉండాలి.

డాక్టరు వచ్చేలోపు మీరు చేయదగ్గది ఒకటే, కాలిన చోట మామూలు చల్లటి నీళ్లు పావుగంటకు తగ్గకుండా నెమ్మదిగా పోయడం. ఐసు వద్దు. పసుపు, పేడ, బురద, నెయ్యి, ఇంజను ఆయిల్, సిరా, టూత్‌పేస్టు ఏదీ రాయొద్దు. ఎవరో పెద్దాయన "మా రోజుల్లో ఇదే రాసేవాళ్లం" అంటాడు. రాసినదంతా డాక్టరు మళ్లీ గీకి కడగాలి, పచ్చి పుండు మీద ఆ బాధ పశువుకే.

మెడ తప్పకుండా చూడండి. ఇప్పుడు అందరూ వాడేది నైలాన్ పలుపులే. అది వేడికి కరిగి చర్మానికి అంటుకుపోతుంది. నల్లటి దారంలా మెడ చుట్టూ కనబడుతుంది, లోపల గాయం ఎంత లోతుందో పైకి తెలియదు. వదులుగా ఉన్న పలుపు కోసి తీసేయండి, అంటుకున్న భాగాన్ని మాత్రం లాగొద్దు. నీళ్లు పోస్తూ డాక్టరు కోసం ఆగండి. ఇనుప గొలుసు కట్టిన పశువుకు కూడా అక్కడ వాత పడి ఉంటుంది.

ఒంటి మీద చిన్న గాయం కూడా లేని పశువును చూసి "ఇది బాగానే ఉంది" అనుకోవడం దగ్గరే చాలామంది దెబ్బతింటారు. పొగ పీల్చిన పశువు ఆ రోజు మేత కూడా తింటుంది. ఒకటి నుంచి మూడు రోజుల్లో దగ్గు, నోరు తెరిచి ఎగశ్వాస, ముక్కు నుంచి నురగ మొదలవుతాయి. ముక్కు రంధ్రాల్లో మసి ఉంటే ఆ పశువును డాక్టరుకు ప్రత్యేకంగా చూపించండి. దగ్గే పశువుకు వెదురు గొట్టంతో గానీ సీసాతో గానీ ఏమీ పోయొద్దు, కషాయమైనా, బెల్లం నీళ్లైనా. అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. బకెట్టులో నీళ్లు ముందు పెట్టండి, దానంతట అది తాగితే మంచిది.

పొదుగు కాలితే పాలు తీయడం మానేయొద్దు, గట్టిగా పిండొద్దు. లోపల పాలు నిలిస్తే పొదుగువాపు వస్తుంది. చన్ను వాచి ధార రాకపోతే వేపపుల్లలు, ఈకలు గుచ్చే పని ఎవరినీ చేయనివ్వకండి. డాక్టరు దగ్గర దానికి సన్నటి గొట్టం ఉంటుంది. మందులు వాడుతున్నన్నాళ్లు, ఆ తర్వాత డాక్టరు చెప్పినన్ని రోజులు ఆ పాలు కేంద్రానికి పోయొద్దు.

గిట్టలు రోజూ చూడండి. గిట్ట మొదలయ్యే చోట, వెంట్రుకల అంచున ఎర్రగా కమిలి చీము కారుతుంటే కొన్నాళ్లకు గిట్ట ఊడే ప్రమాదం ఉంది. కాలిన చోట ఈగలు వాలి పురుగులు పడటం మన ఎండలకు మామూలే కాబట్టి గాయం చుట్టూ ఈగలు వాలకుండా ఏ మందు రాయాలో అడిగి తెచ్చుకోండి. చూడి పశువులు ఈసుకుపోవచ్చు, అంటే కడుపు పోవచ్చు. ఆ సంగతి ముందే తెలిస్తే తర్వాత ఏ దిష్టి మీదకో నెట్టకుండా ఉంటాం.

ఒంట్లో సగానికి పైగా కాలిన పశువు, కళ్లు, గిట్టలు రెండూ పోయిన పశువు విషయంలో డాక్టరు "దీన్ని బాధ లేకుండా పంపిద్దాం" అంటే ఆ మాట వినండి. అది కష్టమైన నిర్ణయం, అయినా అదే దయ. 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం కూడా దీన్ని అనుమతిస్తుంది. ఈ సమయంలోనే ఎక్కడి నుంచో ఒక దళారి దిగుతాడు, కాలిన గేదెను రాత్రికి రాత్రి బండెక్కిస్తే ఇంత ఇస్తానంటాడు. ఆ డబ్బు తీసుకుంటే పశువుకు నరకం, మీకు బీమా, పరిహారం రెండూ పోతాయి.

పాతిపెట్టకముందు

వాసన వస్తుందని, చూడలేకపోతున్నామని జేసీబీ పిలిపించి తెల్లారేసరికి పాతేస్తారు. ఆ తొందరలో ఎన్ని ఇళ్లు పరిహారం పోగొట్టుకుంటాయో. ఆగండి. టార్పాలిన్ పట్టా కప్పి, కుక్కలు రాకుండా ఒకరిని కాపలా పెట్టి, ఈ పనులు చేయించండి.

ఫోటోలు, వీడియో తీయించండి. దూరం నుంచి పాక మొత్తం, దగ్గర నుంచి ఒక్కొక్క పశువు, దాని చెవి పోగు. కాలిన పశువుల దగ్గర వచ్చే చిక్కు ఇక్కడే ఉంది. చెవికి వేసేది ప్లాస్టిక్ పోగు, మంటకు కరిగి ముద్దైపోతుంది, అంకెలు కనబడవు. పోగు లేకపోతే బీమా లేదు అనడం కంపెనీలకు అలవాటు. ఆ 12 అంకెల నంబరు గాలికుంటు టీకా వేసినప్పుడో, చూడి కోసం సూది వేయించినప్పుడో ఆన్‌లైన్‌లో ఎక్కి ఉంటుంది. పశువైద్యశాలలో అడిగి ఆ నంబరు రాయించుకోండి. పోగు కరిగిపోయిందన్న సంగతిని పోస్టుమార్టం కాగితంలోనే డాక్టరు చేత రాయించుకోండి. కరిగిన ముక్కను పారేయకుండా దాచండి.

ఆ రోజే పొందాల్సిన కాగితాలు ఇవి:

పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు, దాని నకలు.
ఫైర్ స్టేషన్ నుంచి వాళ్లు వచ్చి ఆర్పినట్టు ధ్రువీకరణ.
పశువైద్యుడి పోస్టుమార్టం నివేదిక, బతికినవాటికి చికిత్స కాగితం.
రెవెన్యూ వాళ్ల పంచనామా. ఆంధ్రాలో వీఆర్వో, తెలంగాణలో గ్రామ పాలన అధికారి లేదా ఆర్ఐ వస్తారు. రాకపోతే తహసీల్దార్ ఆఫీసుకు ఒక అర్జీ, దాని మీద ముద్ర.

పంచనామా చదివించుకోండి. గడ్డివామి, గడ్డి కోసే మిషను, పాల క్యాన్లు, దాణా బస్తాలు, మోటారు అన్నీ అందులో ఎక్కాయో లేదో చూడండి. ఎన్ని పశువులు అన్నదే కాదు, ఏవి పాడివి, ఏవి చూడివి, ఏవి దూడలు అన్నది కూడా రాయాలి. పరిహారం లెక్క దాన్నిబట్టే మారుతుంది.

అగ్ని ప్రమాదం ప్రకృతి విపత్తుల జాబితాలో ఉంది. 2022-23 నుంచి 2025-26 వరకు వర్తించేలా కేంద్రం ఇచ్చిన నిబంధనల ప్రకారం రాష్ట్ర విపత్తు నిధి నుంచి ఆవు లేదా గేదెకు 37,500 రూపాయలు, ఎద్దుకు 32,000, దూడకు 20,000, గొర్రె లేదా మేకకు 4,000. ఒక కుటుంబానికి పెద్ద పాడి పశువులైతే మూడింటికి, గొర్రెలు మేకలైతే ముప్పైకి మించి ఇవ్వరని అందులో ఉంది. ఇంటిని ఆనుకున్న పాకకు 3,000. పాడి గేదె ఈరోజు సంతలో ఏ ధర పలుకుతుందో తెలిసినవాళ్లకు ఈ అంకెలు చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియదు. అయినా మీకు రావాల్సింది వదులుకోవద్దు. అర్జీలో "విపత్తు సహాయ నిధి కింద" అన్న మాట స్పష్టంగా రాయండి. లేకపోతే అది ఏ ఫైలులో పడుతుందో చెప్పలేం.

బీమా ఉంటే అదే రోజు కంపెనీకి ఫోన్ చేసి, ఆ ఫోన్‌తో ఆగకుండా మెసేజో మెయిలో పెట్టి రుజువు ఉంచుకోండి. గేదెలు బ్యాంకు అప్పుతో కొన్నవైతే బీమా బ్యాంకు పేరు మీదుగానే కట్టి ఉండొచ్చు, మీకు గుర్తు లేకపోవచ్చు. పాస్‌బుక్కులో బీమా పేరుతో ఎప్పుడైనా డబ్బు కట్ అయిందేమో చూసుకుని మేనేజరును కలవండి. పాల సంఘంలో సభ్యులైతే అక్కడా అడగండి, కొన్ని సంఘాలు సభ్యుల పశువులకు బీమా చేయిస్తాయి, విడిగా సాయనిధీ పెడతాయి.

కరెంటు తీగ తెగి పడి అంటుకుందని మీకు అనుమానం ఉంటే ఆ తీగను ఎవరూ కదపకముందే ఫోటో తీయండి. కరెంటు ఏఈకి రాతపూర్వకంగా ఇవ్వండి. విద్యుత్ చట్టం 2003లోని 161వ సెక్షను ప్రకారం కరెంటు వల్ల పశువులకు ప్రమాదం జరిగితే దాన్ని తెలియజేయాలి, ప్రభుత్వం తనిఖీ అధికారితో విచారణ చేయించవచ్చు. ఆ విచారణ కావాలని మీరే అడగండి.

ఇవన్నీ అయ్యాక పాతిపెట్టొచ్చు. ఆరు నుంచి ఎనిమిది అడుగుల గొయ్యి, కింద సున్నం, పైన సున్నం, బావులకు, చెరువుకు, బోర్లకు దూరంగా.

ఊరు వచ్చింది, ఇప్పుడేం చేయాలి

సాయం చేద్దామని వచ్చినవాళ్లకు ఏం చేయాలో తెలియదు. బాధలో ఉన్న ఇంటివాళ్లకు ఏం అడగాలో తెలియదు. అందుకే మొదటి రోజు సాయంత్రంలోపు ఒక మనిషిని లెక్కల మనిషిగా పెట్టుకోండి. బావమరిది కావచ్చు, పాలకేంద్రం సెక్రటరీ కావచ్చు, డ్వాక్రా సంఘం లీడరు కావచ్చు. కాస్త మొహమాటం లేని మనిషైతే మంచిది. ఎవరొచ్చినా ఇంటాయన్ని కదపకుండా ఆ మనిషితోనే మాట్లాడాలి.

ఆ మనిషి చేతిలో ఒక పెద్ద నోటు పుస్తకం ఉండాలి. పెళ్లిలో చదివింపులు రాసినట్టే, ఎవరు ఏమిచ్చారో రాయాలి. ఒక తేడా మాత్రం ఉంది. ప్రతి దాని పక్కన "ఊరికే" అనో "చేబదులు" అనో రాయించండి. పది వేలు చేతిలో పెట్టి "తర్వాత చూసుకుందాంలే అన్నా" అని వెళ్లిపోతారు. ఆ మాటకు ఇచ్చినాయన లెక్క ఒకటి, పుచ్చుకున్నాయన లెక్క ఇంకొకటి. పంట చేతికొచ్చేనాటికి ఆ తేడా ఇద్దరి మధ్య గోడవుతుంది. అప్పుడే అడిగి రాసుకుంటే ఎవరూ ఏమీ అనుకోరు. లెక్కల మనిషికి మొహమాటం ఉండకూడదని అన్నది ఇందుకే.

ఇంకో పేజీలో తేదీలు వేయండి. ఇదే అన్నిటికన్నా ముఖ్యం. వరిగడ్డి ఇస్తామని ఐదుగురు ముందుకొస్తే ఐదు ట్రాక్టర్లూ ఈరోజే దింపించుకోకండి. పెట్టుకోవడానికి కప్పు లేదు, వాన పడితే కుళ్లుతుంది, కాలిన చోటే మళ్లీ వామి పెడితే మళ్లీ భయం. "బాబాయ్, మీది వచ్చే నెల మొదటి వారం తోలించండి" అని చెప్పి పేరు ఎదురుగా తేదీ వేయండి. అన్నం కూడా అంతే. మొదటి రోజు పది ఇళ్ల నుంచి క్యారేజీలు వస్తాయి, ఎనిమిదో రోజు ఒక్కటీ రాదు. వంతులు వేసుకోమని వీధిలోని ఆడవాళ్లకు చెబితే వాళ్లే చక్కగా సర్దుతారు.

బతికిన పశువుల్ని ఎక్కడ కట్టేయాలన్నది ఆ రాత్రే తేలాలి. నాలుగు గేదెలుంటే నాలుగిళ్లకు పంచకండి. ఒకటి రెండు చోట్లే, ఇంటికి దగ్గరగా ఉంచండి. గేదె కొత్త చేతికి చేపదు, రెండు పూటలా ఇంటి మనిషే వెళ్లి పిండాలి, ఆ మనిషి ఎన్ని చోట్ల అని తిరుగుతుంది? వేరే వాళ్ల పాకలో కట్టినప్పుడు ఆ ఇంటి పశువులకు కాస్త ఎడంగా, వేరే గాడి, వేరే బకెట్టు పెట్టండి. గాలికుంటు, ముద్దచర్మం లాంటివి అంటుకుంటే సాయం చేసిన పాపానికి వాళ్లూ నష్టపోతారు. రెండు వైపులా టీకాలు వేయించారో లేదో అడగడం మర్యాద తక్కువ పనేమీ కాదు. పాలు ఎవరికి అన్నదీ ముందే అనుకోండి. నా ఉద్దేశంలో పాలు గేదెగల వాళ్ల ఖాతాలోనే పోయాలి. చోటిచ్చినవాళ్లకు పేడ, ఇంట్లోకి ఓ గ్లాసెడు పాలు చాలు. చాలామంది అదీ వద్దనే అంటారు.

డబ్బు పోగుచేయడానికి కుర్రాళ్లు వాట్సాప్‌లో క్యూఆర్ కోడ్ పెడతారు. మంచిదే. అయితే అది ఇంట్లోవాళ్ల సొంత ఖాతాదే అయ్యుండాలి, ఒక్కటే ఉండాలి. సర్పంచో పాలకేంద్రం వాళ్లో అదే కోడ్ అని గ్రూపులో ఓ మాట చెప్పాలి. ఎందుకంటే ఇలాంటి పోస్టు తిరగడం మొదలవగానే కోడ్ మార్చి పంచే మోసగాళ్లు ఉన్నారు. చచ్చిన గేదెల ఫోటోలు, ఏడుస్తున్న ఆడవాళ్ల ఫోటోలు పెట్టకండి. కాలిన పాక ఫోటో ఒకటి చాలు. వారానికోసారి ఎంత వచ్చింది, దేనికి ఖర్చయింది అన్నది అదే గ్రూపులో పెడితే ఇచ్చినవాళ్లు రెండోసారి కూడా ఇస్తారు.

సాయం చేసేవాళ్లకు ఓ మాట. "ఏం కావాలన్నా మొహమాటపడకు వదినా" అంటే ఆవిడ ఏమీ అడగదు. "రేపటి నుంచి పొద్దున పూట గడ్డి నేను కోసుకొస్తా" అనండి. తీసుకెళ్లేవి కూడా ఆలోచించి తీసుకెళ్లండి: పలుపులు, బకెట్లు, పట్టాలు, సరుగుడు బాదులు, దాణా, దోమతెర. చిరిగిన బట్టల మూటలు వద్దు. "రాత్రి దోమలకు పొగ వేసి పడుకున్నారటగా" అన్న మాట అసలే వద్దు, అది వాళ్లకు తెలుసు.

మేత దగ్గర తొందరపడొద్దు

ఒక పెద్ద గేదె రోజుకు సుమారు ఆరు కిలోల ఎండుగడ్డి తింటుంది. మూడు గేదెలకు నెలకు ఐదున్నర క్వింటాళ్లు. ఈ లెక్క పెట్టుకుంటే ఎంత గడ్డి అడగాలో తెలుస్తుంది. పచ్చిమేత ఉంటే ఒక్కోదానికి ఇరవై కిలోల పైన వేయొచ్చు.

జాలితో జనం తెచ్చేవాటితోనే రెండో ప్రమాదం వస్తుంది. ఫంక్షన్‌లో మిగిలిన అన్నం, బియ్యం, మొక్కజొన్న గింజలు బస్తాలకొద్దీ తెచ్చి గాడిలో పోస్తారు. అలవాటు లేని గేదె ఒక్కసారిగా అన్నం, గింజలు మెక్కితే కడుపులో పులిసి, ఉబ్బి, నెమరు ఆగి, ఒక్కరోజులో ప్రాణం మీదికొస్తుంది. తెచ్చినవాళ్లకు దండం పెట్టి తీసుకుని, పక్కన పెట్టేయండి. దాణా ఏదైనా పాతదాంట్లో కొద్ది కొద్దిగా కలుపుతూ వారం పది రోజుల్లో మార్చండి.

పచ్చి జొన్న ఎవరైనా కోసుకోమంటే చేను చూసి గానీ కోయొద్దు. పూతకు రాని లేత జొన్న, ఎండకు గిడసబారినది, కోశాక మళ్లీ వచ్చిన పిలకలు విషం. మన పెద్దవాళ్లు నాము అనేది దాన్నే. తిన్న కాసేపటికే పశువు తూలి పడి కొట్టుకుంటుంది, డాక్టరు వెంటనే వచ్చి సూది వేస్తే తప్ప దక్కదు. బూజు పట్టిన గడ్డి కూడా వద్దు.

నీళ్లున్న చెక్క ఏదైనా ఉంటే వెంటనే మొక్కజొన్న చల్లుకోండి, రెండు నెలల్లో కోతకొస్తుంది. అప్పటికి ఊరిచ్చిన గడ్డి అయిపోవస్తుంది.

బూడిద ఎత్తేటప్పుడు

బూడిద ఎరువుకు మంచిదని వెంటనే చేలో చల్లేస్తారు, లేదా అక్కడే వదిలేసి పశువుల్ని కడతారు. ఆ బూడిద నిండా మేకులు, బైండింగు తీగ ముక్కలు, రేకు తునకలు ఉంటాయి. గడ్డితో పాటు మేకు మింగిన గేదెకు అది పొట్టలో నుంచి గుండె దాకా గుచ్చుకుపోతుంది. పాత స్పీకరు అయస్కాంతం ఒకటి కర్రకు కట్టి బూడిదలో ఈడ్చి చూడండి, ఎన్ని అంటుకొస్తాయో మీకే తెలుస్తుంది. ఇనుము ఏరాక పైన జానెడు మట్టి కూడా ఎత్తి పారేయండి. కాలిన బ్యాటరీ ఏదైనా ఉంటే దాన్ని ముందు తీయండి, అందులోని సీసం అనే లోహాన్ని పశువులు నాకుతాయి, అది విషం. పగిలిన సిమెంటు రేకుల్ని తడిపి, మూతికి గుడ్డ కట్టుకుని ఎత్తండి.

ఇంటి మనిషి సంగతి

పాడి మీదే బతికే ఇంట్లో గేదె పోతే పోయేది ఆస్తి ఒక్కటే కాదు. పొద్దున నాలుగింటికి లేచే మనిషి మర్నాడూ అదే టైముకు లేస్తుంది, లేచి చేయడానికి పని ఉండదు. మగవాళ్లు పైకి ఏమీ అనరు, అప్పుల లెక్క లోపల తిరుగుతూ ఉంటుంది. నిద్ర పోకపోవడం, ఎవరితోనూ మాట్లాడకపోవడం, "నేనూ అందులోనే పోతే బాగుండేది" లాంటి మాటలు వినబడితే తేలిగ్గా తీసుకోవద్దు. ఒంటరిగా వదలొద్దు. 14416కి ఫోన్ చేస్తే టెలి మానస్ వాళ్లు ఉచితంగా, తెలుగులోనే మాట్లాడతారు. ఇంట్లో పురుగుమందు ఉంటే కొన్నాళ్లు పక్కింట్లో పెట్టించండి.

ఎవరో తగలబెట్టారన్న మాట కూడా బయలుదేరుతుంది. అనుమానం నిజంగా ఉంటే అది ఫిర్యాదులో రాయండి. రచ్చబండ దగ్గర పేరు ఎత్తితే ఊరు రెండుగా చీలుతుంది, ఆ మర్నాటి నుంచి సాయం కూడా రెండుగా చీలుతుంది.

వాయిదాల గురించి బ్యాంకుకు మీరే ముందు వెళ్లండి, పంచనామా నకలు పట్టుకుని. అప్పు మాఫీ చేయమని అడిగితే కుదరదంటారు. గడువు పొడిగించమని, కిసాన్ క్రెడిట్ కార్డులో పశుపోషణకు లిమిట్ పెట్టమని అడగండి, అది వాళ్లు చేయగలిగిన పని. ఇంటావిడ సంఘంలో ఉంటే స్త్రీనిధి అప్పు త్వరగా వస్తుంది. వడ్డీ వ్యాపారి గడప ఎక్కేముందు ఈ రెండు చోట్లా అడగండి.

కొత్త పాక

ఉపాధి హామీ కింద పశువుల షెడ్లు మంజూరయ్యే వీలుందేమో ఎంపీడీవో ఆఫీసులో ముందే కనుక్కోండి. ఆంధ్రాలో గోకులం షెడ్లు అలాగే కట్టారు. సొంతంగా మొదలుపెట్టేశాక వెళ్తే కట్టినదానికి బిల్లు పెట్టరు. అప్పటిదాకా సరుగుడు బాదులు, పైన పట్టాతో పందిరి చాలు. గాయాలు మానిన చోట చర్మం ఎండకు ఆగదు కాబట్టి నీడ మాత్రం ఉండాలి.

కట్టేటప్పుడు రెండు వైపులా గుమ్మాలు పెట్టండి. ఒకే గుమ్మం ఉన్న పాకలో మంట అటువైపే లేస్తే లోపలివి బయటికి రాలేవు. రేకు వేసి, వేడికి తట్టుకోలేక మళ్లీ పైన తాటాకు కప్పేవాళ్లు ఉన్నారు, అలా చేస్తే రేకు వేసిన లాభం పోయింది. ఎత్తు పెంచి, రేకు పైన తెల్ల సున్నం కొట్టండి. గ్రీన్ నెట్ కూడా చుర్రున అంటుకుంటుందని గుర్తుంచుకోండి. వైరు పైపులో నుంచి పోవాలి, స్విచ్చులు బయట గోడకు ఉండాలి, లోపల హోల్డరుకు వేలాడే బల్బు వద్దు. షాక్ కొట్టినా, కరెంటు లీకైనా దానంతట అదే పడిపోయే బ్రేకరు మీటరు దగ్గర పెట్టించండి.

గడ్డివామి పాకకు కనీసం యాభై అడుగుల దూరంలో, కరెంటు తీగల కింద కాకుండా వేయండి. చోటుంటే ఒకటే పెద్ద వామి బదులు రెండు చిన్నవి వేరు వేరు చోట్ల వేయండి. తడి ఆరని గడ్డి వామి వేస్తే లోపల ఆవిరి పట్టి దానంతట అదే రాజుకుంటుంది, ముందు ఆరబెట్టండి. దోమలకు పొగ వేయక తప్పదంటే పాక బయట ఇనుప డ్రమ్ములో వేసి, పడుకునే ముందు నీళ్లు పోసి ఆర్పండి. ఫ్యాను పెట్టగలిగితే పొగ అవసరమే తగ్గుతుంది.

పలుపు గుంజకు కట్టేటప్పుడు ఒక్క లాగుతో ఊడే జారుముడి వేయడం ఇంట్లో పిల్లలతో సహా అందరికీ నేర్పండి. గుమ్మం పక్కన మేకుకు ఒక కొడవలి ఎప్పుడూ వేలాడుతుండాలి. దాన్ని గడ్డి కోయడానికి తీసుకెళ్లొద్దని ముందే చెప్పి ఉంచండి.